ప్రేమదాసు పొద్దుటి నడక

"చీకటితో కాలవ కట్ట మీద నడిస్తే పాము కరుస్తదేమోరా నాయనా! పాము తప్పితే కుక్కలు. కుక్కలు కూడా తప్పితే మంచు ఉండనే ఉంది. రొమ్ములోకి దిగిందంటే నెల పడద్ది తేలటానికి. అసలు నడవకుండా జబ్బు తగ్గే దారి ఏదన్నా ఉందేమో, ఆ డాక్టరమ్మని గట్టిగా అడిగి రావాల్సిందిరా మనం!"

ఇంకా ఏమీ జరగలేదు. ప్రేమదాసు మంచం మీద నుంచి లేవనైనా లేదు. అయినా తల్లి ఎలీసమ్మ అప్పటికే వాణ్ణి మూడు రకాలుగా పోగొట్టుకుని, మూడుసార్లూ కొంగుతో కళ్లొత్తుకుంది. ఆమె పద్ధతే అంత. ఆకాశంలో చిన్న మబ్బు తునక కనబడితే ఇంటి కప్పు వంక చూస్తుంది. పోస్టుమాన్ సైకిలు వీధి మలుపు తిరిగితే టెలిగ్రామేనని కూలబడుతుంది. భర్త జక్రయ్య ముప్పై ఏళ్లు పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర పనిచేసి వచ్చినవాడు. బ్యారన్ వేడికంటే భార్య భయాలే ఎక్కువ ఉడికించాయో ఏమో, ఇంట్లో ఆయన నోరు తెరిచేది తక్కువ.

"నడవనియ్యవే" అన్నాడు ఆయన దుప్పటి లోంచే.

నడవక తప్పదు కూడా. ప్రేమదాసుకి ఇరవై అయిదేళ్లు. టీచరు ట్రైనింగు పూర్తిచేసి, రెండేళ్లు ఎదురుచూడగా, ఎనభై నాలుగో సంవత్సరం మొదట్లో సర్కారు బడిలో మాస్టరుగా ఆర్డరు వచ్చింది. చేరేముందు ఒక్క కాగితం తేవాలి. ఒళ్లు బాగుందని డాక్టరు రాసిచ్చే కాగితం. అదెంత పనిలే అని తల్లీకొడుకులు అద్దంకి ఆసుపత్రికి వెళ్లారు. అక్కడ డాక్టరు జయకుమారి ప్రేమదాసుని కాటా ఎక్కించింది. ముల్లు తిరిగిన తిరుగుడు చూసి దింపేసింది. చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టి, పాదరసం వంక చూసి, కళ్లజోడు తీసి ప్రేమదాసు వంక చూసింది.

"నూట అరవై! ఇరవై అయిదేళ్లకి బీపీ నూట అరవై ఏంటయ్యా? నూట ఇరవై ఉండాల్సిన వయసు. ఏం తింటావు? ఏం పని చేస్తావు?"

తినేదాని గురించి చెప్పడానికి చాలానే ఉంది. చేసే పని గురించి చెప్పడానికి వాడి దగ్గర ఏమీ లేదు.

"మందులు అప్పుడే వద్దు. ఉప్పు తగ్గించు, పచ్చళ్లు మానేయి. రోజూ పొద్దున్నే నాలుగు మైళ్లు గబగబా నడువు. ఒకరోజు నడిచి నాలుగు రోజులు పడుకుంటే ఏం లాభం లేదు, పళ్లు తోముకోవడం ఎంత అలవాటో నడక అంత అలవాటు కావాలి. గుండెకి బరువు తగ్గుతుంది. నిద్ర పడుతుంది. ఆయాసం పోతుంది. నెల రోజులు చూస్తాను. మార్చి పన్నెండున రా. ఆఫీసువాళ్లు పదమూడు దాకా గడువిచ్చారుగా. అప్పటికి తగ్గితే సంతకం పెడతాను. తగ్గకపోతే అన్‌ఫిట్ అని రాస్తాను, ఆ ఉద్యోగం నీ తర్వాత పేరున్నవాడికి పోతుంది."

ఇంత చెబితే ఎలీసమ్మ చెవిన పడింది చివరి మాట ఒక్కటే.

అలా మొదలైంది నడక. వాళ్ల పేట దాటగానే సాగరు కాలవ కట్ట. కట్ట మీద రెండు మైళ్లు పోతే, తలుపులు దించి నీళ్లు ఆపే లాకు. లాకు దాకా పోయి వస్తే లెక్క సరిపోతుంది. మొదటి రోజు తెల్లవారుజామున ప్రేమదాసు ముందు నడిచాడు. వెనక ఎలీసమ్మ నడిచింది. ఆమె చేతిలో టార్చిలైటు, ఇంకో చేతిలో కుక్కల కోసం కర్ర, భుజాన మఫ్లరు, కొంగున కట్టిన శొంఠి ముక్క.

"నిదానంగారా! గుండె ఆగిపోద్ది!"

"గబగబా నడవమందిగా అమ్మా!"

"నిదానంగా గబగబా నడువు!"

లాకు దగ్గర పత్తి చేలకు పోయే ఆడకూలీలు ఆగి చూశారు. ఒకామె, "మాస్టరుగారిని బళ్లో దిగబెట్టటానికి పోతన్నావా ఎలీసమ్మత్తా?" అంది. మిగిలినవాళ్లు కట్ట అవతల దాకా వినబడేట్టు నవ్వారు. రెండో రోజూ ఇదే వరస. మూడో రోజు ప్రేమదాసు గడప మీద కూర్చుని బతిమాలాడు.

"అమ్మా, నీకు దణ్ణం పెడతా. నా వెనకాల రాబాక. రేపు ఇదే ఊళ్ల పిల్లలకి పాఠం చెప్పాలి నేను. నా పరువేం కావాలి?"

ఎలీసమ్మ సరేనంది. తల్లి సరేననడానికి, మానుకోవడానికి మధ్య చాలా దూరం ఉంది. వాడు గడప దాటాక ఒక కీర్తన పూర్తిగా పాడుకునేంతసేపు ఆగేది. ఆ తర్వాత లైటు వెయ్యకుండా, కర్ర చంకన పెట్టుకుని, వాడికి తెలియకుండా బయల్దేరేది. చీకట్లో వాడు కనిపించేవాడు కాదు. కనిపించకపోతే పాము కరిచిందనే కదా! అందుకని అడుగు వేగం పెంచేది. లాకు దాకా పోయినా కనిపించకపోతే, ఇంకో దారిన వెనక్కి వెళ్లి ఉంటాడనుకుని అంతకంటే వేగంగా తిరిగి వచ్చేది. తీరా ఇంటికొస్తే ప్రేమదాసు మంచం మీద కూర్చుని గంజి తాగుతూ ఉండేవాడు.

"అప్పుడే వచ్చేశావా నాయనా!"

"ఎప్పుడో వచ్చా" అనేవాడు వాడు.

మొదటి వారం ఎలీసమ్మ దారిలో మూడు చోట్ల కూర్చునేది. రెండో వారం ఒక్క చోట. మూడో వారానికి కూర్చోవడమే మరిచిపోయింది, కొడుకు ఏమయ్యాడోనన్న ధ్యాసలో. సంగతి ఆమె గమనించలేదు. ఆమె గమనించింది కొడుకు వేగమే. పక్కింటి రెబ్కాతో దడి మీద నుంచి మురిసిపోతూ చెప్పింది.

"మావాడు గుర్రంలాగా నడుస్తన్నాడే రెబ్కా! నేను ఎంత ఉరుకులు పెట్టినా అందట్లేదు. కాకపోతే నాకొకటే బెంగ. ఆ తలలో చూడు, పొద్దున్నే తెల్లతెల్లగా కనబడతన్నయ్యి. ఇరవై అయిదేళ్లకే జుట్టు నెరిసిపోతందేమో!"

"నెరుపు కాదొదినా, పత్తి పింజెలు. చేల పక్కన నడుస్తాడు గదా, అంటుకుంటయ్యి" అంది రెబ్కా. ఎలీసమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. నెరుపు కానందుకు సంతోషించి, పత్తి ముక్కులోకి పోతే ఊపిరాడదేమోనని కొత్తగా దిగులు పెట్టుకుంది.

పన్నెండో తారీకు రానే వచ్చింది. ఎనిమిదింటి బస్సుకు అద్దంకి పోవాలి. ఎలీసమ్మ ఆ పొద్దున మామూలు కంటే వేగంగా లాకు దాకా పోయి, మామూలు కంటే వేగంగా ఇంటికి వచ్చింది. మంచం ఖాళీగా ఉంది. గంజి గిన్నె మీద మూత పెట్టింది పెట్టినట్టే ఉంది.

"ఏమయ్యా, పిల్లోడేడి?"

"రాలా" అన్నాడు జక్రయ్య.

"రాలా అని అంత చల్లగా చెప్తావేందయ్యా! కాలవలో పడ్డాడేమో!"

జక్రయ్య ఏదో అనబోయే లోపల ఆమె మళ్లీ కట్ట మీద ఉంది. రేవు మెట్ల దగ్గరికొచ్చి కిందికి చూసింది. ఆఖరి మెట్టు మీద ఒక తువ్వాలు, దాని పక్కన జత చెప్పులు. తువ్వాలు తెల్లది, ఎర్రంచుది, చివర నీలం గళ్లది.

ఈ తువ్వాలు సంగతి కొంచెం చెప్పాలి. కిందటేడు వాళ్ల చర్చికి యాభై ఏళ్లు నిండాయని పండగ చేసినప్పుడు, పెద్దలంతా కలిసి చీరాలలో ఒకే మగ్గం మీద నూట పది తువ్వాళ్లు నేయించి ఇంటికొకటి పంచారు. ఆనాటి నుంచి ఆ పేటలో మగవాడు ఎవడు భుజాన ఏం వేసుకున్నా అదే ఎర్రంచు, అవే నీలం గళ్లు. పంచినప్పుడు వరసలో నిలబడి అందరికీ అందించినవాళ్లలో ఎలీసమ్మ కూడా ఉంది. కానీ ఆ క్షణాన ఆమెకి నూట తొమ్మిది తువ్వాళ్లు గుర్తు రాలేదు. ఒక్కటే గుర్తొచ్చింది.

"నా కొడకో! ప్రేమదాసో! నడవమని నేనే పంపిస్తినిరా!"

బిందె తీసుకుని రేవుకొస్తున్న రెబ్కా ఆ కేక విని, తువ్వాలు చూసి, బిందె అక్కడే పడేసి ఊళ్లోకి పరిగెత్తింది. దారిలో ఆమెకి చర్చి గంట కొట్టే మరియదాసు ఎదురయ్యాడు. కట్ట కింద మిరపతోటకు నీళ్లు మళ్లించి వస్తున్నాడు. ఒంటి మీద చొక్కా లేదు, కాళ్లకు చెప్పులు లేవు.

"గంట కొట్టు మరియదాసూ! పరిగెత్తు! గబగబా కొట్టు!"

"ఎందుకు?"

"తర్వాత చెప్తా, ముందు పరిగెత్తు!"

ఆ ఊళ్లో గంటకి రెండు అర్థాలు. ప్రార్థన వేళ కాని వేళ గబగబా మోగితే ఇల్లు తగలబడిందనో, ఎవరో ఆపదలో ఉన్నారనో, జనం ఉన్నవాళ్లు ఉన్నట్టు రమ్మని. ఆగి ఆగి మోగితే చావు. మరియదాసుకి ఈ తేడా బాగా తెలుసు. అయితే మరియదాసు పరిగెత్తి పదేళ్లయింది. చర్చి చేరేసరికి నాలుక బయటికొచ్చింది. తాడు ఒకసారి లాగాడు. నడుం పట్టుకుని వగర్చాడు. మళ్లీ ఒకసారి లాగాడు. స్తంభానికి ఆనుకుని ఊపిరి పీల్చుకున్నాడు. మళ్లీ లాగాడు. గంట అంత నిదానంగా, అంత దుఃఖంగా ఏ చావుకీ మోగలేదని తర్వాత చాలామంది అన్నారు.

ఊరు ఉలిక్కిపడింది. పాస్టరు గారికి రెండ్రోజుల నుంచీ జ్వరం. ఎవరు పోయారని ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేకపోయింది. పేట పేటంతా పాస్టరు గారింటి ముందు పోగై శోకాలు మొదలుపెట్టింది. పాస్టరు గారు నోట్లో వేప పుల్లతో తలుపు తీసుకుని బయటికొచ్చారు.

"ఎవరమ్మా పోయింది?"

"మీరేనండయ్యా!" అంది ముందు నిలబడి ఏడుస్తున్న ముసలమ్మ. అని, మళ్లీ ఆయన వంక చూసి కెవ్వుమంది.

ఈలోగా రెబ్కా వచ్చి అసలు సంగతి చెప్పింది. జనం పాస్టరు గారిని బతికి ఉన్నందుకు అభినందించే తీరిక కూడా లేక కాలవ వైపు మళ్లారు. పాస్టరు గారు జ్వరంతోనే వెంట నడిచారు. రేవు మెట్టు మీద తువ్వాలు చూసి, తన భుజాన ఉన్న తువ్వాలు తీసి కళ్లు తుడుచుకున్నారు. రెండూ ఒకటేనని ఆయనకూ తట్టలేదు.

కట్టను ఆనుకునే పత్తి రైతు బుల్లయ్య గారి కల్లం. సగం కల్లంలో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. మిగతా సగంలో పత్తి. పత్తిని మిల్లుకు పంపేముందు బోరెంలోకి తొక్కుతారు. బోరెం అంటే నిలువెత్తు గోనెసంచి. దాన్ని నాలుగు రాటల మధ్య మూతి పైకి వచ్చేట్టు వేలాడదీస్తారు. నిచ్చెనేసుకుని ఒక మనిషి లోపలికి దిగి, పైనుంచి పోసిన పత్తిని కాళ్లతో తొక్కి తొక్కి కూరతాడు. ఆ పొద్దున నాలుగు బోరేలు కట్టి నేల మీద సిద్ధంగా ఉన్నాయి. అయిదోది సగం నిండి రాటల మధ్య వేలాడుతోంది. వాటిని ఎక్కించడానికి ట్రాక్టరు డ్రైవరు సిలార్ అయిదున్నరకే వచ్చి, సగం బోరేనికి ఆనించి ఉన్న నిచ్చెన తీసుకెళ్లి ట్రాక్టరు వెనక ట్రక్కుకి వేసుకున్నాడు.

కేకలు విని బుల్లయ్య గారు పని ఆపించారు.

"ఒరేయ్ సిలారూ, పత్తి తర్వాత! ట్రాక్టరు తీసుకుని లాకు కాడికి పో. తలుపులు దించమని చెప్పు. నీళ్లు ఆగితే గాని పిల్లోడు దొరకడు."

లాకు ఉద్యోగి పై ఆఫీసరు ఆర్డరు లేనిదే దించనన్నాడట. మునిగినవాడు సర్కారు మాస్టరని సిలార్ చెబితే, తోటి ఉద్యోగి కదా అని కరిగిపోయి దించేశాడు. కాలవలో నీళ్లు తగ్గడం మొదలైంది. దిగువ ఊళ్ల రైతులు అరగంటలో సైకిళ్ల మీద దెబ్బలాటకు వచ్చారు. వచ్చి, సంగతి విని, పంచెలు ఎగ్గట్టి వాళ్లూ నీళ్లలోకి దిగారు. మోకాలి లోతు నీళ్లలో నలభైమంది గెడలతో పొడుస్తున్నారు. ఒకరి గెడ ఒకరికి తగిలి రెండు చోట్ల తగాదా కూడా అయింది.

ఎలీసమ్మ మెట్టు మీది తువ్వాలు గుండెలకి హత్తుకుని అదంతా చూసి, కళ్లు తిరిగి పడిపోయింది. నలుగురాడవాళ్లు ఆమెని ఎత్తుకొచ్చి, మెత్తగా ఉంటుందని కల్లంలో వేలాడే బోరెం కిందున్న పత్తి కుప్ప మీద పడుకోబెట్టారు. జక్రయ్య ఆమె తల దగ్గర కూర్చున్నాడు. పాస్టరు గారు చేతులు జోడించి ప్రార్థన ఎత్తుకున్నారు.

"ప్రభువా, ఈ యౌవనస్థుడు నీ యెదుట నమ్మకముగా నడిచినవాడు. ప్రతి ఉదయము నడిచినవాడు..."

బుల్లయ్య గారి భార్య సుబ్బరావమ్మ గాబరాగా అటూ ఇటూ చూసి, చేతికందిన చేట తీసుకుని ఎలీసమ్మ మొహానికి విసరడం మొదలుపెట్టింది. చేట మిరపకాయల కుప్ప మీదది. అప్పటిదాకా తాలుకాయలు చెరిగిందది. రెండు విసుర్లు విసిరేసరికి ఘాటు గుప్పున లేచింది. పాస్టరు గారి ప్రార్థన దగ్గులో కలిసిపోయింది. జక్రయ్య కళ్లు మండి లేచాడు. ఎలీసమ్మకి తెలివొచ్చింది.

అందరూ దగ్గుతున్నారు. ఆ దగ్గుల మధ్య, తల మీద ఎక్కడో, ఒక తుమ్ము వినబడింది.

ఎలీసమ్మ లేచి కూర్చుంది.

"మావాడు!"

"ఊరుకో ఒదినా" అంది రెబ్కా, కళ్లు తుడుచుకుంటూ.

"నా కొడుకు తుమ్మేనే అది! వాడు తుమ్మితే ఏడు తుమ్ముతాడు. పుట్టినకాడి నించీ అంతే. చూడండి!"

ఇంకో తుమ్ము. "రెండు" అంది ఎలీసమ్మ. ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. దుఃఖంతో మతి పోయిందన్నారెవరో. మూడు. నాలుగు. అయిదో తుమ్ముకి బోరెం రాటల మధ్య అటూ ఇటూ ఊగింది. దిగువ ఊరి రైతొకాయన సైకిలు వదిలేసి కట్ట మీదికి పరిగెత్తాడు. ఆరు. ఏడో తుమ్ముకి గోనె మూతిలోంచి దూది పింజె ఒకటి ఎగిరి వచ్చి పాస్టరు గారి నెత్తి మీద వాలింది.

లాకు నుంచి తిరిగొచ్చిన సిలార్ నిచ్చెనేసుకుని ఎక్కి లోపలికి తొంగి చూశాడు.

"ఓరి నాయనో! మాస్టరు గారు ఇక్కడున్నారండీ! శుభ్రంగా ఉన్నారు!"

ప్రేమదాసు నిచ్చెన దిగుతుంటే తలా, కనుబొమలూ, మీసం అన్నీ తెల్లగా ఉన్నాయి. ఎనభై ఏళ్ల ముసలాయన దిగివస్తున్నట్టుంది. ఎలీసమ్మ ముందు వాణ్ణి కావలించుకుంది. తర్వాత చేతిలో ఉన్న తువ్వాలుతో నాలుగు బాదింది. తర్వాత మళ్లీ కావలించుకుంది.

"నోరు పడిపోయిందా నీకు? ఇంత గోల జరుగుతుంటే పలకవేరా?"

"నిచ్చెన తీసేశారమ్మా. దిగటానికి లేదు. సరే పిలుద్దామనుకున్నా, అప్పటికే గంట కొట్టేశారు. గంట కొట్టాక నేనున్నానని లేస్తే నవ్వరూ? అంతలో కాలవ ఆపేశారు. ఇక అప్పుడైతే అసలు నోరు రాలా. ఆఖరికి పలుకుదామని నోరు తెరిచా, పాస్టరు గారు ప్రార్థన మొదలెట్టారు. ప్రార్థన మధ్యలో ఎట్టా మాట్లాడను?"

ఆ మర్యాదకి పాస్టరు గారు తల ఊపారు.

"అసలు అందులోకి ఎందుకెక్కావయ్యా?" అన్నారు బుల్లయ్య గారు.

"ఇయ్యాళే అండీ. ఈ ఒక్కరోజే. ఆఖరి రోజు గదా, నడిచి నడిచి కాళ్లు లాగుతుంటే కాస్త నడుం వాల్చా. కునుకు పట్టింది."

సిలార్ ఇంకా నిచ్చెన మీదే ఉన్నాడు. "లోపల మనిషి ఆకారంలో గుంట పడి ఉందండీ. తల కింద గోనెపట్టా మడత పెట్టి ఉంది. కప్పుకోటానికి దుప్పటి కూడా ఉంది" అన్నాడు.

బుల్లయ్య గారు ప్రేమదాసు వంక అదోలా చూశారు. ఎలీసమ్మ మాత్రం మురిసిపోయింది.

"చూశారా, ఒక్కరోజు పడుకున్నా ఎంత పద్ధతిగా పడుకున్నాడో! చిన్నప్పటి నించీ అంతే మావాడు."

అప్పుడే మరియదాసు జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. ఇంకా వగరుస్తూనే ఉన్నాడు.

"ఎలీసమ్మా, ఆ తువ్వాలు నాది. రేవు మెట్టు మీద పెట్టి మిరపతోట కాడికి పోయా. చెప్పులు కూడా నాయే. ఇంతకీ పోయిందెవరు?"

బస్సు పోయి గంటయింది. ఆ మాట జక్రయ్య అన్నాడు. అంత పొడుగు మాట ఆయన అనడం అందరికీ కొత్త. ఇవాళ కాగితం రాకపోతే ఉద్యోగం పోయినట్టే. బుల్లయ్య గారు సిలార్‌ని కేకేశారు. కట్టిన నాలుగు బోరేలు ట్రక్కులోకి ఎక్కాయి. వాటి మీద ప్రేమదాసు, వాడి పక్కన ఎలీసమ్మ ఎక్కారు.

దారి పొడుగునా ఆమె ట్రాక్టరు బోల్తా పడుతుందనే అనుకుంది. "మలుపు దగ్గర మెల్లగా పోనియ్యి సిలారూ!" అని మలుపు లేనిచోట కూడా అరిచింది. సిలార్ ఆమె మాట విని నిదానంగానే నడిపాడు. పన్నెండు కొట్టేవేళకి ఆసుపత్రి ముందు దిగారు. డాక్టరమ్మ గది మేడ మీద. ఇరవై ఆరు మెట్లు. ఎలీసమ్మ చేతిలో సంచి, చంకలో గొడుగు, కాగితాల కవరు పట్టుకుని ఒక్క బిగిన పైకి చేరి వెనక్కి చూసింది. ప్రేమదాసు సగం దారిలో కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రారా! మూసేస్తారు!"

"వస్తన్నా... అమ్మా... వస్తన్నా."

డాక్టరమ్మ పట్టీ చుట్టింది. గాలి కొట్టింది. చూసింది. మళ్లీ గాలి కొట్టి మళ్లీ చూసింది.

"నూట అరవై. ఒక్క గీత తగ్గలేదు." కలం మూత తీసింది. కాగితం ముందుకు లాక్కుంది.

ఎలీసమ్మ బల్లకు అడ్డం పడింది. "రాయొద్దు తల్లీ! నీ కడుపున పుడతా! నెలరోజులూ నడిచాడమ్మా నా బిడ్డ. వానొచ్చినా మానలేదు. ఉప్పు కూడా మానిపించా, నేనూ మానేశా. ఇయ్యాళ ఒక్కరోజే కాస్త కునుకు పట్టింది, దానికే ఊరంతా ఏడ్చింది. నేను సాక్ష్యం! రోజూ వాడి వెనకాలే నడిచా!"

డాక్టరమ్మ కలం ఆపింది. "మీరు నడిచారా? ఎంత దూరం?"

"లాకు దాకా. పోటానికి రెండు మైళ్లు, రాటానికి రెండు."

"నెల రోజులూ?"

"వాడు నడుస్తుంటే నేనెట్టా పడుకుంటానమ్మా!"

"దారిలో ఇతను కనిపించేవాడా?"

"ఎక్కడమ్మా! గుర్రమే! నేను ఉరికినా అందేవాడు కాదు."

డాక్టరమ్మ కొడుకు చేతికున్న పట్టీ విప్పి, తల్లి చేతికి చుట్టింది. గాలి కొట్టింది. తనకేదో ముంచుకొచ్చిందని ఎలీసమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన ఎత్తుకుంది. డాక్టరమ్మ పాదరసం వంక చాలాసేపు చూసింది.

"నూట ఇరవై, ఎనభై. మీ వయసెంత?"

"యాభై రెండో మూడో. బతుకుతానా తల్లీ?"

"పొద్దున కొడుకు పోయాడని ఏడ్చి, పడిపోయి, ట్రాక్టరు మీద వచ్చి, ఆ మెట్లు ఎక్కిన మనిషికి నూట ఇరవై! మీకేం కాదమ్మా." డాక్టరమ్మ పట్టీ విప్పి ప్రేమదాసు వైపు తిరిగింది. వాడి చెవి వెనక ఇంకా ఒక దూది పింజె ఉంది. "అబ్బాయ్, ఒక్క మాట అడుగుతాను. నిజం చెబితే ఇంకో పదిహేను రోజులు గడువు కావాలని మీ ఆఫీసుకి నేనే ఉత్తరం రాస్తాను, ఇచ్చేట్టు చూస్తాను. అబద్ధం చెబితే ఇదిగో, ఇప్పుడే అన్‌ఫిట్. ఈ నెలలో నువ్వు ఎన్ని రోజులు నడిచావు?"

ప్రేమదాసు నేల చూశాడు.

"చెప్పరా నాయనా" అంది ఎలీసమ్మ ధైర్యంగా. "ఇరవై తొమ్మిది రోజులని చెప్పు. ఇయ్యాళొక్కటీ తీసేసి."

పైన ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. కింద సిలార్ హారన్ కొట్టాడు. గుమ్మంలో కాంపౌండరు వచ్చి నిలబడి, సంగతేంటో తెలియక వెళ్లిపోయాడు. డాక్టరమ్మ కలం పట్టుకుని అలాగే ఉంది. ఎలీసమ్మ కొడుకు మొహం చూసింది. వాడి చెవి వెనకున్న పింజెని చూసింది. అది తీయబోయి, మధ్యలో చెయ్యి ఆపేసింది. నెలరోజుల పింజెలన్నీ ఒక్కొక్కటే ఆమెకి కనబడటం మొదలైంది. సిలార్ మళ్లీ హారన్ కొట్టాడు.

"రెండు రోజులండి" అన్నాడు ప్రేమదాసు.

డాక్టరమ్మ గడువు కోసం ఉత్తరం రాసి కవర్లో పెట్టి, ప్రేమదాసు పేరు మీద మందుల చీటీ ఒకటి తీసుకుని, మందు పేరు రాసేచోట 'ఎలీసమ్మ' అనీ, దాని కింద 'రోజూ పరగడుపున నాలుగు మైళ్లు, పక్కనే' అనీ రాసి సంతకం పెట్టింది.